ప్యాకెట్ మీద "వైరస్‌ను తట్టుకుంటుంది" అని ఉంది, చేలో మాత్రం ఆకు ముడిచింది

కార్తీకం వచ్చేసరికి లంకల్లో వరద తీసి, ఒండ్రు ఆరి, నారు పోసే వేళ అవుతుంది. రావులపాలెం చుట్టుపక్కల విత్తనాల కొట్లలో అప్పుడు తరచుగా వినపడే మాట: "ముడత రాని టమాటా ఉంటే ఇవ్వండి." కొట్టాయన ఒక ప్యాకెట్ తీసి, "ఇది వైరస్‌కి గట్టిదండి, పట్టుకెళ్లండి" అంటాడు. సంక్రాంతి దాటాక అదే రైతు ఖాళీ ప్యాకెట్ చేత పట్టుకుని తిరిగొస్తాడు. చేలో సగం మొక్కలు ముడిచిపోయాయి. విత్తనం కల్తీదని ఆయన, మందు సరిగ్గా కొట్టలేదని ఈయన.

కల్తీ విత్తనాలు లేవని అనడం లేదు. కానీ చాలాసార్లు ప్యాకెట్ మీద రాసిందీ నిజమే, చేలో జరిగిందీ నిజమే. రైతు "వైరస్" అన్నప్పుడు ఆయన మనసులో ఉన్నది ఆకు ముడిచే జబ్బులన్నీ. ప్యాకెట్ హామీ ఇచ్చింది వాటిలో ఒకటి రెండింటికి, అదీ కొంతమేరకే. ఆ హామీ వెనక ఉన్న జన్యువు మన నేలది కాదు, మనం తినే టమాటాది కూడా కాదు. పెరూ, చిలీ, ఈక్వెడార్‌ల కొండవాలుల్లో, ఎడారి అంచుల్లో పెరిగే అడవి టమాటాలది. అక్కడి నుంచి మన ప్యాకెట్లోకి అది ఎలా వచ్చింది, వచ్చాక ఏం చేయగలదు, ఏం చేయలేదు అన్నదే ఈ వ్యాసం.

ముందు ముడత సంగతి

వైరస్ సోకిన టమాటాలో లేత ఆకుల అంచులు పైకి లేచి లోపలికి ముడుచుకుంటాయి. ఈనెల మధ్య పసుపు తేలుతుంది. కణుపుల మధ్య దూరం తగ్గి, మొక్క గిడసబారి పొదలా నిలబడిపోతుంది. పూత వచ్చినా రాలుతుంది. మొక్కను చేత్తో కదిపితే ఆకుల అడుగు నుంచి మిల్లీమీటరు పొడవున్న తెల్లదోమలు గుంపుగా లేస్తాయి. వైరస్‌ను మోసేది అవే. జబ్బు మొక్క రసం పీల్చిన దోమ కొన్ని గంటల తర్వాత వైరస్‌ను అంటించడం మొదలుపెట్టి, దాదాపు బతికినన్నాళ్లూ అంటిస్తూనే ఉంటుంది. అందుకే చేలో దోమలు కొద్దిగానే ఉన్నా ముడత ఆగదు.

డెల్టా రైతుకు ఈ కుటుంబం కొత్త కాదు. వరి కోతల తర్వాత వేసే మినుములో పల్లాకు తెగులు, బెండలో పల్లాకు తెగులు, టమాటాలో ఆకుముడత, ఇవన్నీ బెగొమోవైరస్‌లు అనే ఒకే జాతి వైరస్‌ల పనే. మోసేదీ తెల్లదోమే. అయితే వైరస్‌లు వేర్వేరు. మినుములో ఉన్నది వచ్చి టమాటాను ముడిచిందనుకోకూడదు. దోమకు మాత్రం ఏడాది పొడవునా ఏదో ఒక పచ్చటి ఆకు దొరుకుతూనే ఉంటుంది. లంకలో వంగ, మిరప, బెండ, టమాటా పక్కపక్కనే ఉంటాయి. గట్ల మీద వయ్యారిభామ ఎటూ ఉంది.

ఈ వైరస్ ఎంత చిన్నదో ఒక లెక్క చూడండి. టమాటా మొక్క డీఎన్ఏలో దాదాపు 90 కోట్ల అక్షరాలు ఉంటాయి. ముడత వైరస్ డీఎన్ఏ ఒక చిన్న వలయం, దాదాపు 2,700 అక్షరాలు. అరడజను ప్రొటీన్లు చేసుకోగలదు, అంతే. మిగతా పనంతా మొక్క కణం చేత చేయించుకుంటుంది.

మన దేశంలో ఇది ఒక రకం కాదు. బెంగళూరు పేరు పెట్టిన వైరస్‌కు ఒకటే వలయం. న్యూఢిల్లీ పేరు పెట్టినదానికి రెండు వలయాలు. ఇవి కాక గుజరాత్, పాలంపూర్ పేర్లతోనూ ఉన్నాయి. వీటికి తోడు బీటాశాటిలైట్ అనే పరాన్నజీవి లాంటి డీఎన్ఏ ముక్క ఒకటి వైరస్ వెంట తిరుగుతుంది. ఒంటరిగా అది బతకలేదు, కానీ వైరస్‌తో కలిస్తే జబ్బు ముదురుతుంది. ఈ తేడాలు ల్యాబ్ వాళ్లకే గానీ రైతుకెందుకు అనిపించవచ్చు. ప్యాకెట్ ఎందుకు పనిచేయలేదన్న ప్రశ్నకు జవాబు మాత్రం ఈ తేడాల్లోనే ఉంది.

నాటు టమాటాకు ఆ శక్తి ఎందుకు లేదు

టమాటా దక్షిణ అమెరికాలో పుట్టి, మెక్సికోలో పెంపుడు పంటై, 16వ శతాబ్దంలో స్పెయిన్ ఓడలెక్కి, ఆ తర్వాత మన దాకా వచ్చింది. ప్రతి మజిలీలోనూ ఎవరో నచ్చిన నాలుగు కాయల విత్తనాలు తీసుకున్నారు, మిగతావి వదిలేశారు. కాయ సైజు పెరిగింది, జన్యువుల రకరకాలతనం తరిగింది. అడవి బంధువుల్లో ఉన్న వైవిధ్యంలో పెంపుడు టమాటాలో మిగిలింది 5 శాతం లోపేనని శాస్త్రవేత్తల అంచనా. మన నాటు టమాటా రుచికి ఎంత పేరున్నా, వైరస్ విషయంలో దాని దగ్గర పెద్దగా ఆయుధాలు లేవు. హైబ్రిడ్‌లు వచ్చి దేశవాళీ బలాన్ని పాడుచేశాయన్న మాట తరచూ వింటుంటాం. మిగతా పంటల సంగతేమో గానీ, టమాటా ముడత విషయంలో అది తప్పు. ఆ బలం నాటు రకంలో మొదటి నుంచీ లేదు.

అడవి బంధువులు పన్నెండు జాతులున్నాయి. చూస్తే వాటిని టమాటా అనాలనిపించదు. పింపినెల్లిఫోలియమ్ కాయలు బఠాణీ అంత, ఎర్రగా ఉంటాయి, తినొచ్చు. హాబ్రోకైటిస్ ఒళ్లంతా నూగు, ఘాటు వాసన, కాయ పండినా పచ్చగానే ఉంటుంది. చిలెన్సే అటకామా ఎడారి చుట్టుపక్కల, వానంటే తెలియని చోట బతుకుతుంది. పెన్నెల్లీ ఆకు ముట్టుకుంటే వేళ్లకు జిగురు అంటుకుంటుంది. వీటి కోసం కొండలెక్కి దిగినవాళ్లలో ముందు చెప్పాల్సిన పేరు చార్లెస్ రిక్. కాలిఫోర్నియాలోని డేవిస్ విశ్వవిద్యాలయంలో ఆయన పేరు మీదే టమాటా విత్తన భాండాగారం ఉంది. గలపగోస్ దీవుల అడవి టమాటా గింజలు ఎంతకీ మొలవకపోతే, అక్కడి పెద్ద తాబేళ్లకు తినిపించి, వాటి పేడలోంచి ఏరి మొలిపించిన మనిషి ఆయన. ఆ భాండాగారంలో ప్రతి సేకరణకూ "ఎల్ఏ" అనే అక్షరాలతో ఒక నంబరు ఉంటుంది. మన కథలో ముఖ్యమైనది ఎల్ఏ 1969. అది సంవత్సరం కాదు, చిలెన్సే జాతి మొక్క ఒకదాని నంబరు.

ఇక్కడ ఒక చిక్కు ప్రశ్న ఉంది. తెల్లదోమ మోసే ఈ ముడత వైరస్‌లు మన వైపువి, ఆసియా, ఆఫ్రికా, మధ్యధరా ప్రాంతాలవి. అడవి టమాటాలు అమెరికా ఖండానివి. ఎన్నడూ చూడని శత్రువును ఎడారి మొక్క ఎలా ఎదిరిస్తోంది? దానికి జవాబు ఆ జన్యువు చేసే పనిలోనే దొరికింది.

జన్యువు అసలు చేసే పని

ముడతను తట్టుకునే ప్రధాన జన్యువులకు టీవై అనే పేరు పెట్టి వరస నంబర్లు ఇచ్చారు. టీవై-1, టీవై-3 చిలెన్సే నుంచి వచ్చాయి, రెండూ ఆరో క్రోమోజోమ్ మీద ఒకే చోట ఉన్న ఒకే జన్యువుకు రెండు రూపాలని 2013లో తేలింది. టీవై-2 హాబ్రోకైటిస్ నుంచి వచ్చింది, పదకొండో క్రోమోజోమ్ మీద ఉంటుంది. టీవై-4, టీవై-6 కూడా చిలెన్సేవే. టీవై-5 మాత్రం తల్లి, తండ్రి ఇద్దరి నుంచీ అందితేనే పనిచేస్తుంది.

టీవై-1 వైరస్‌ను చంపదు. ఈ ఒక్క మాట అర్థమైతే సగం గందరగోళం పోతుంది. మొక్క కణంలో వైరస్ తన జన్యువుల నకళ్లు తీసుకునేటప్పుడు, ఈ జన్యువు తయారుచేసే ఎంజైమ్ ఆ నకళ్లను పట్టుకుని వాటికి జంట పోగులు అల్లుతుంది. జంట పోగు కనబడగానే కణం దాన్ని చిన్న చిన్న ముక్కలుగా నరుకుతుంది. ఆ ముక్కల సాయంతో వైరస్ అసలు డీఎన్ఏను గుర్తుపట్టి, దాని మీద మిథైల్ అనే రసాయన ముద్రలు వేస్తుంది. ముద్రలు పడిన డీఎన్ఏ నుంచి నకళ్లు రావడం తగ్గిపోతుంది. వైరస్ లోపల ఉంటుంది, పెరగలేదు. మొక్క పచ్చగా ఉంటుంది, కాస్తుంది. ఈ పద్ధతి ఫలానా వైరస్ అని చూడదు, ఆ తరహా డీఎన్ఏ వైరస్ ఏదైనా సరే అణచాలనే చూస్తుంది. అమెరికా ఖండానికీ సొంత జెమినీవైరస్‌లు ఉన్నాయి, మన ముడత వైరస్‌లు చేరే పెద్ద కుటుంబం అదే. ఎడారి మొక్కకు మన వైరస్ ముఖం తెలియనక్కర్లేదు.

టీవై-2 దారి వేరు. అది వైరస్ తన నకళ్ల కోసం వాడే ఒక ప్రొటీన్‌ను గుర్తుపట్టి, ఆ కణాన్నే చావనిస్తుంది. కణం చస్తే వైరస్ ముందుకు పోలేదు. గుర్తుపడితే చాలా గట్టి రక్షణ, గుర్తుపట్టకపోతే ఏమీ లేనట్టే. మన దేశంలో సమస్య సరిగ్గా ఇక్కడే వచ్చింది. ఒకే వలయం ఉన్న బెంగళూరు రకం మీద టీవై-2 బాగా పనిచేసింది. రెండు వలయాల ఢిల్లీ రకం ముందు నిలవలేదు. వారణాసిలోని భారత కూరగాయల పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు టీవై-2, టీవై-3 రెండింటినీ ఒకే మొక్కలో కలిపితే రెండు రకాల వైరస్‌లనూ తట్టుకుంటుందని 2015లో ప్రచురించారు.

అయితే టీవై-1కూ బలహీనత ఉంది. కుకుంబర్ మొజాయిక్ అనే ఇంకో వైరస్ అదే మొక్కకు సోకితే, అది మొక్కలోని ఆ నరికే వ్యవస్థనే దెబ్బతీస్తుంది. అప్పుడు టీవై-1 ఉన్నా ముడత వైరస్ పెరుగుతుంది. బీటాశాటిలైట్ తోడొచ్చినా ఇదే జరుగుతుందని 2020లో నెదర్లాండ్స్ పరిశోధకులు చూపించారు. శాటిలైట్‌లు తక్కువగా ఉన్న దేశాల్లో పరీక్షకు నిలిచిన రకం మన చేలో ఎందుకు తడబడుతుందో దీన్నిబట్టి ఊహించవచ్చు.

కొండ నుంచి ప్యాకెట్ దాకా

అడవి మొక్క పుప్పొడిని మన టమాటా మీద వేస్తే సరిపోతుందనుకుంటే పొరపాటు. చిలెన్సేతో గానీ, పెరువియానమ్ అనే మరో అడవి జాతితో గానీ సంకరం చేస్తే కాయ పడుతుంది, లోపల పిండం ఎదగక చచ్చిపోతుంది. అది చావకముందే బయటికి తీసి గాజు సీసాలో పోషక ద్రవం మీద బతికించాలి. అలా బతికిన మొక్కను మళ్లీ మామూలు టమాటాతో, దాని పిల్లలను మళ్లీ మామూలు టమాటాతో, తరం వెంట తరం కలుపుతూ పోవాలి. ప్రతి తరంలోనూ వైరస్ పెట్టి చూసి, తట్టుకున్న మొక్కనే ఉంచుకోవాలి.

అసలు తలనొప్పి దీని తర్వాత మొదలవుతుంది. కోరుకున్న జన్యువు ఒంటరిగా రాదు. మంచి సంబంధమని పిల్లాణ్ణి చేసుకుంటే అతని అప్పులూ వెంట వచ్చినట్టు, పక్కనున్న అడవి జన్యువులూ కట్టగట్టుకుని వస్తాయి. కాయ చిన్నదవుతుంది, పండు రంగు చెడుతుంది, కాపు తగ్గుతుంది. టీవై-1 విషయంలో ఇది మరీ మొండి సమస్య. చిలెన్సేలో ఆ భాగం డీఎన్ఏ తిరగబడి ఉంది. అందువల్ల మామూలు టమాటా క్రోమోజోమ్‌తో ముక్కల మార్పిడి సరిగ్గా జరగదు, అనవసరమైనదాన్ని విడదీయడం ఏళ్ల తరబడి కుదరలేదు. 1994లో ఆ జన్యువు చోటును క్రోమోజోమ్ మీద గుర్తించినా, శుభ్రంగా విడదీయడానికి చాలా కాలం పట్టింది.

ఈ కథలో మన దేశం పాత్ర చిన్నది కాదు, ఎక్కువమందికి తెలియదు గానీ. టీవై-2 ప్రపంచమంతా వెళ్లింది హర్యానాలోని హిస్సార్ నుంచి. అక్కడి వ్యవసాయ విశ్వవిద్యాలయంలో కల్లూ, బెనర్జీ అనే శాస్త్రవేత్తలు హాబ్రోకైటిస్ నుంచి ముడత నిరోధకతను మామూలు టమాటాలోకి తెచ్చి 1990లో ప్రచురించారు. ఆ రకం పేరు హెచ్-24. తైవాన్‌లోని ప్రపంచ కూరగాయల కేంద్రం దాన్ని తీసుకుని తన రకాల్లో వాడింది. బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం నుంచి సంక్రాంతి, నంది, వైభవ్ అనే ముడత నిరోధక రకాలు వచ్చాయి. హెసరఘట్టలోని ఉద్యాన పరిశోధన సంస్థ వారి అర్కా రక్షక్ హైబ్రిడ్ ఆకుముడతతో పాటు బాక్టీరియా ఎండు తెగులును, ఆకుమాడును కూడా తట్టుకునేలా తయారైంది.

వీటిలో ఏదీ జన్యుమార్పిడి పంట కాదు. "అడవి జన్యువు" అనగానే బీటీ పత్తిని తలచుకునేవాళ్లు ఉన్నారు. ఇవి పుప్పొడితో చేసిన సంకరాలే.

గోదావరి జిల్లాలకు ఇలాంటి కథలు మరో రెండు తెలిసి ఉండాలి. రాజమహేంద్రవరంలో 1947లో పొగాకు పరిశోధన సంస్థ పెట్టారు. పొగాకు మొజాయిక్ వైరస్‌ను ఆపే జన్యువు కూడా అడవి పొగాకుదే. నికోటియానా గ్లూటినోసా అనే దక్షిణ అమెరికా జాతి నుంచి 1938లో హోమ్స్ అనే శాస్త్రవేత్త దాన్ని పొగాకులోకి తెచ్చాడు. ఇక వరిలో, సుడిదోమ మోసే గ్రాసీ స్టంట్ వైరస్ కోసం ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి సంస్థ ఆరు వేలకు పైగా రకాలను జల్లెడ పట్టింది. తట్టుకున్నది ఒకే ఒక్క సేకరణ. అది ఉత్తరప్రదేశ్‌లో ఏరిన నివ్వరి, చెరువు గట్ల మీద దానంతటదే మొలిచే అడవి వరి. 1976లో విడుదలైన ఐఆర్-36లో ఉన్నది ఆ జన్యువే.

ముడత కాని ముడతలు

టమాటాలో అన్ని వైరస్‌లూ తెల్లదోమతో రావు. లేత చిగురు మాడి, కాండం మీద నల్లటి చారలు పడి, కాయల మీద రింగులు తేలితే అది తామర పురుగులు మోసే వైరస్. వేరుశనగలో మొవ్వ కుళ్లు తెచ్చేదీ ఇదే. దీని బంధువైన టమాటా మచ్చల వడలు వైరస్‌ను ఆపే ఎస్‌డబ్ల్యూ-5 అనే గట్టి జన్యువు పెరువియానమ్‌లో దొరికింది. దక్షిణాఫ్రికా దాన్ని 1980ల్లోనే వాడుకుంది. కానీ ఆ జన్యువు గుర్తుపట్టేది అమెరికా తరహా వైరస్‌లను. మన వేరుశనగ వైరస్ ఆసియా తరహాది. కాబట్టి ప్యాకెట్ మీద ఆ పేరు చూసి మన చేలో చిగురు మాడదని ధీమాగా ఉండకూడదు. టీవై జన్యువులకైతే ఈ వైరస్‌తో సంబంధమే లేదు, దీనిది డీఎన్ఏ కాదు, ఆర్ఎన్ఏ.

మూడోది చేతులతో అంటుకునేది, టమాటా మొజాయిక్. దోమ అక్కర్లేదు, కత్తెర, చేతి గోళ్లు, చొక్కా అంచు చాలు. దీని దగ్గరి బంధువైన పొగాకు మొజాయిక్ చుట్టలో, ఖైనీలో కూడా బతికే ఉంటుంది. లంక పొగాకు చుట్ట కాల్చిన చేత్తోనే నారు పీకడం మన దగ్గర మామూలే. చేతులు సబ్బుతో కడుక్కుంటే చాలావరకు తప్పుతుంది, ఖర్చు లేని పని. దీనికి పెరువియానమ్ నుంచి వచ్చిన టీఎం-2 స్క్వేర్ అనే జన్యువు దాదాపు అర్ధ శతాబ్దం చెక్కుచెదరకుండా పనిచేసింది. మొక్కల వైరస్‌ల చరిత్రలో అంత కాలం నిలిచిన జన్యువులు అరుదు. 2014లో ఇజ్రాయెల్‌లో, 2015లో జోర్డాన్‌లో బ్రౌన్ రుగోస్ అనే కొత్త వైరస్ కనిపించింది. కణం నుంచి కణానికి పాకడానికి వాడే ప్రొటీన్‌లో కొద్దిగా మార్పుతో అది ఈ జన్యువు కంట పడకుండా తప్పించుకుంది.

ప్యాకెట్ ఎలా చదవాలి

పెద్ద కంపెనీల ప్యాకెట్ల మీద, కేటలాగుల్లో హెచ్ఆర్, ఐఆర్ అనే అక్షరాలుంటాయి. హెచ్ఆర్ అంటే అధిక నిరోధకత, ఐఆర్ అంటే మధ్యస్థ నిరోధకత. అక్షరాల పక్కన వైరస్ పేరు పొట్టిగా ఉంటుంది. టమాటా మొజాయిక్‌కు సాధారణంగా హెచ్ఆర్ ఉంటుంది, ఆకుముడతకు ఐఆర్. మధ్యస్థమంటే వైరస్ ఒత్తిడి ఎక్కువైతే లక్షణాలు కనిపిస్తాయని కంపెనీ ముందే ఒప్పుకున్నట్టు. కొట్లో మాత్రం ఆ రెండక్షరాలు "గట్టిది"గా మారిపోతాయి. "వైరస్ ఫ్రీ" అని రాసే ప్యాకెట్లు కూడా చూశాను. ఆ మాట రాయనివ్వకూడదని నా అభిప్రాయం, ఏ వైరసో చెప్పని హామీకి విలువ లేదు. అడగాల్సింది ఏ వైరస్‌కి, హెచ్ఆరా ఐఆరా, టీవై జన్యువు ఒకటా రెండా అని. కొట్లో జవాబు దొరక్కపోతే కంపెనీ ప్రతినిధిని అడగొచ్చు. వెంకటరామన్నగూడెంలో ఉద్యాన విశ్వవిద్యాలయం ఉంది, అక్కడా అడగొచ్చు.

నిరోధక రకం వేశాక కూడా మొదటి నెలన్నర కీలకం. మొక్క ఎంత లేతగా ఉండగా వైరస్ సోకితే నష్టం అంత ఎక్కువ, టీవై జన్యువు ఉన్నా లేకపోయినా. అందుకే నారును దోమ దూరని సన్న కన్నాల నెట్ కింద పెంచాలి. మామూలు షేడ్‌నెట్ ఎండను ఆపుతుంది, దోమను ఆపదు. పాత టమాటా చేను పక్కన కొత్తది నాటకూడదు. ముడిచిన మొక్కను "ఎలాగూ రెండు కాయలు కాస్తుంది" అని ఉంచకూడదు. నిరోధక మొక్కలో కూడా వైరస్ కొంత ఉంటుంది కాబట్టి, దోమ దాన్నీ పీల్చి పక్క చేలోని నాటు రకానికి మోయగలదు. ఇది ఊళ్లో ఒకరితో తేలే పని కాదు.

దోమనే ఆపే జన్యువులు అడవి టమాటాల్లో ఉన్నాయి. పెన్నెల్లీ ఆకుల నూగు నుంచి కారే జిగురు చక్కెరలు, గలపగోస్ టమాటా నూగు, హాబ్రోకైటిస్ ఘాటు వాసన తెల్లదోమను ఆకు మీద నిలవనివ్వవు. దోమే వాలకపోతే ఢిల్లీ రకమా, బెంగళూరు రకమా అన్న ప్రశ్నే రాదు. కానీ ఈ గుణాల వెనక చాలావరకు ఒక్క జన్యువు కాదు, కొన్ని జన్యువులు కలిసి పనిచేస్తాయి. వాటన్నిటినీ కాయ చెడకుండా తేవడం టీవై-1ను తేవడం కన్నా కష్టం.

ఒక మాట విత్తనం దాచుకునేవాళ్లకు. హైబ్రిడ్ బాగా కాసిందని ఆ కాయల గింజలు తీసి వచ్చే ఏడు నారు పోసేవాళ్లు లంకల్లో ఇప్పటికీ ఉన్నారు. హైబ్రిడ్‌లో టీవై జన్యువు తల్లి, తండ్రిలో ఒకరి నుంచే వచ్చి ఉంటే, రెండో తరంలో నాలుగింట ఒక మొక్కకు ఆ జన్యువు అసలే ఉండదు. టీవై-2, టీవై-3 రెండూ అలా ఒక్కో వైపు నుంచే వచ్చి ఉంటే, పదహారింట తొమ్మిదింటికి మాత్రమే రెండూ ఉంటాయి. ఏ మొక్కకు ఉందో చూసి చెప్పలేం. దోమ వచ్చాకే తెలుస్తుంది.